షుగరు తగ్గిందని సంతోషించే ముందు



ఈసారి షుగరు వ్యాధి గురించి వ్రాయమని అడిగారు. తీపి మానండి, అన్నం తగ్గించండి అని మళ్ళీ వ్రాయడానికి నాకు మనసొప్పలేదు. ఆ మాటలు ఓ.పి. గోడల మీది బొమ్మల్లో చూశారు, మా నర్సుల నోట విన్నారు, ఇంట్లో కోడళ్ళ చేత కూడా చెప్పించుకుంటున్నారు. నేను వ్రాయదలచింది షుగరుతో పాటు అదే ఒంట్లో కాపురముండే మిగతా జబ్బుల సంగతి. షుగరును చూస్తూ వాటిని చూడకపోవడం వలన జరిగే నష్టం మా వార్డుల్లో ప్రతి వారం కనబడుతూనే ఉంది.

కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం ఆరాధనలో, నాంపల్లి వైపు నుండి వచ్చే ఒక పెద్దాయన సాక్ష్యం చెప్పారు. ఆయన అనుమతితోనే వ్రాస్తున్నాను, పేరు మాత్రం చెప్పను. పదిహేనేళ్ళుగా షుగరు మనిషి. ఎన్ని మందులు వాడినా 200కు తగ్గేది కాదు. "ఆరు నెలల నుంచి 110, 120 దాటడం లేదు. గోళీలు సగం చేసిన. దేవునికి స్తోత్రం" అన్నారు. సంఘమంతా స్తోత్రం అన్నది. నేనూ అన్నాను. ముప్పై ఏళ్ళు నర్సుగా పని చేసిన నాకు ఆ ఘడియలో ఏ అనుమానమూ రాలేదు.

రెండు నెలలకు ఆయనను ఇద్దరు కొడుకులు ఆటోలో దింపి ఓ.పి.కి తీసుకొని వచ్చారు. పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు. ఆయాసం, అన్నం చూస్తే వాంతి. బి.పి. 180కి పైన ఉంది. రక్తంలో క్రియాటినిన్ 6 దాటింది, అంటే కిడ్నీలు దాదాపుగా చేతులెత్తేశాయి. "షుగరు నార్మల్ ఉంది కదా సిస్టర్, కిడ్నీ ఎట్ల పోయింది?" అని ఆయన అడిగిన మాట నాకు ఇంకా చెవుల్లో ఉంది.

సంగతి ఇది. మన ఒంట్లో తయారయ్యే ఇన్సులిన్‌లో కొంత భాగాన్ని, అలాగే బయటి నుండి తీసుకునే ఇన్సులిన్‌ను, తన పని అయిపోయిన తరువాత విరిచి పారవేసేది కిడ్నీలే. కొన్ని షుగరు మాత్రల సారం బయటకు పోయేది కూడా వాటి ద్వారానే. కిడ్నీ చెడిపోతున్న కొద్దీ ఇన్సులిన్, మందు రెండూ ఒంట్లో ఎక్కువ సేపు నిలిచిపోతాయి. దానికి తోడు ఆకలి చచ్చిపోయి తిండి తగ్గుతుంది. అందుచేత రక్తంలో చక్కెర దానంతట అదే దిగుతుంది. ఆయన విషయంలో తగ్గినది జబ్బు కాదు, కిడ్నీల శక్తి. దేవుడు స్వస్థపరచడని నేను అనడం లేదు. ఏళ్ళ తరబడి దిగని షుగరు ఏ కారణమూ లేకుండా దిగితే, మందు సగం చేసే ముందు ఒక మూత్ర పరీక్ష, ఒక క్రియాటినిన్ పరీక్ష చేయించండి అని మాత్రమే అంటున్నాను.

ఆయన కిడ్నీలను తిన్నది షుగరు ఒక్కటేనా? కాదు. బి.పి. ఉందని ఎనిమిదేళ్ళ క్రితమే ఎవరో చెప్పారు. తలనొప్పి లేదు కనుక మాత్ర వేసుకోలేదు. మోకాళ్ళ నొప్పులకు మాత్రం నాలుగేళ్ళుగా మందుల షాపులో అడిగి రోజుకు రెండు డైక్లోఫినాక్ మాత్రలు మింగుతున్నారు. షుగరు పుస్తకం చాలా శుభ్రంగా వ్రాసుకున్నారు, తేదీలతో సహా. బి.పి.కి ఆ పుస్తకంలో గడే లేదు.

ఇవన్నీ ఒకే మనిషికి ఎందుకు వస్తాయని చాలామంది అడుగుతారు. కొందరు అది తమ తలరాత అనుకుంటారు, కొందరు మందుల వేడి అంటారు. 1988లో అమెరికా వైద్యుడు జెరాల్డ్ రీవెన్ ఒక ప్రసంగంలో దీనిని విడమరచి చెప్పాడు. టైప్ 2 షుగరులో ఇన్సులిన్ మొదట్లో తక్కువై ఉండదు, ఉన్నది సరిగ్గా పనిచేయదు. అందువలన ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. షుగరు, బి.పి., రక్తంలో కొవ్వు ఈ ఒక్క వేరు నుండే గుత్తిగా పుట్టుకొస్తాయని ఆయన అన్నది. కాలేయానికి కొవ్వు పట్టడం, అంటే మీ స్కానింగు రిపోర్టులో ఫ్యాటీ లివర్ అని వ్రాసేది కూడా ఆ కుటుంబంలోనిదే. "అది అందరికీ ఉంటుందిలే" అని ఆ రిపోర్టును మడిచి బీరువాలో పెట్టేస్తారు. షుగరు ఉన్నవారు అలా పెట్టకూడదు.

"నేను సన్నగానే ఉన్నా కదమ్మా" అనేవారికి ఒక ముచ్చట చెబుతాను. పూణేలోని డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌లోని డాక్టర్ యుడ్కిన్ ఇద్దరూ స్నేహితులు, షుగరు మీద పరిశోధన చేసేవారు. ఇద్దరికీ ఎత్తుకు బరువు లెక్క కడితే వచ్చే అంకె ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు కొలిచి చూస్తే తెల్లాయనకు 9.1 శాతం, మన ఆయనకు 21.2 శాతం! 2004లో ఇద్దరూ తమ ఫోటోతో సహా ఆ సంగతి లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. మన వాళ్ళకు కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉన్నా పొట్ట లోపల కొవ్వు ఉంటుంది. అందుకే మా ఓ.పి.లో తూకం ఒక్కటే కాకుండా టేపు పెట్టి నడుము కొలుస్తాం. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. టేపు తీయగానే పొట్ట లోపలికి పీల్చుకొనేవారు దయచేసి మామూలుగా నిలబడండి.

2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. వారి దేశవ్యాప్త సర్వేలో మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉన్నదని, 31 కోట్లకు పైగా బి.పి. ఉన్నదని తేలింది. రెండూ ఉన్న ఇల్లు మన సంఘంలో ఎన్నో నేను వేళ్ళ మీద లెక్కపెట్టలేను. ఒక్కటీ లేని ఇళ్ళనైతే లెక్కపెట్టగలనేమో.

బి.పి. సంగతి కొంచెం ఎక్కువగా వ్రాస్తాను, మన్నించాలి. ఎందుకంటే షుగరుకు భయపడినట్లు బి.పి.కి ఎవరూ భయపడరు. ఇంగ్లండులో యు.కె.పి.డి.ఎస్. అని ఒక పెద్ద పరిశోధన జరిగింది. అందులో షుగరు, బి.పి. రెండూ ఉన్న 1148 మందిని ఎనిమిదేళ్ళకు పైగా గమనించి 1998లో ఫలితాలు చెప్పారు. ఒక గుంపుకు బి.పి. సగటున 154/87 దగ్గర, రెండవ గుంపుకు గట్టిగా వైద్యం చేసి 144/82 దగ్గర ఉంచారు. తేడా పది అంకెలే. ఆ పది అంకెలకే రెండవ గుంపులో పక్షవాతం 44 శాతం తగ్గింది, షుగరు సంబంధమైన మరణాలు 32 శాతం తగ్గాయి. ఈ రోజుల్లో డాక్టర్లు షుగరు ఉన్న చాలామందికి 130/80 లోపు ఉండాలని చెబుతున్నారు. కొలిచే ముందు అయిదు నిమిషాలు కూర్చోండి. అబిడ్స్ ట్రాఫిక్‌లో బస్సు దిగి, మెట్లెక్కి వచ్చి వెంటనే చెయ్యి చాపితే ఎవరికైనా ఎక్కువే చూపిస్తుంది.

డెన్మార్కులో ఇంకొక పరిశోధన జరిగింది, దాని పేరు స్టెనో-2. అందులో ఉన్నది 160 మందే. షుగరుతో పాటు మూత్రంలో కొంచెం ఆల్బుమిన్ పోవడం మొదలైనవారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి షుగరు, బి.పి., కొవ్వు, సిగరెట్టు, నడక అన్నిటినీ ఒకేసారి పట్టుకొని వైద్యం చేశారు. దాదాపు ఎనిమిదేళ్ళకు మామూలు వైద్యం వారిలో 44 శాతానికి గుండె, రక్తనాళాల జబ్బులు వచ్చాయి, రెండవ వారిలో 24 శాతానికే వచ్చాయి. 2016లో మళ్ళీ లెక్క చూస్తే రెండవ గుంపువారు దాదాపు ఎనిమిదేళ్ళు ఎక్కువ బ్రతికారు. విచిత్రమేమంటే వారిలో చాలామందికి షుగరు అనుకున్నంత తగ్గనే లేదు! అన్నిటినీ కొంచెం కొంచెం తగ్గించడమే వారిని కాపాడింది. షుగరు 180 నుండి 140కి రాలేదని ఏడ్చే అక్కలు, అమ్మలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. షుగరు మొండికేసినప్పుడు బి.పి. మాత్ర, కొవ్వు మాత్ర క్రమంగా వేసుకోవడం కూడా షుగరు వైద్యమే.

మందుల సంచీ గురించి చెప్పాలి. గుండెకు ఒక డాక్టరు, షుగరుకు ఒక డాక్టరు, మోకాళ్ళకు ఒకరు, థైరాయిడ్‌కు ఒకరు. నలుగురూ మంచి డాక్టర్లే. ఒకరు వ్రాసిన చీటీ ఇంకొకరు చూడరు, ఎందుకంటే మనం చూపించం. ఒక అమ్మగారు బాత్రూములో కళ్ళు తిరిగి పడి చెయ్యి విరిగి వచ్చారు. సంచీ బోర్లించి చూస్తే రెండు వేర్వేరు కంపెనీ పేర్లతో ఉన్నవి ఒక్కటే మందు, టెల్మిసార్టాన్. రెండు చోట్ల వ్రాశారు, రెండూ వేసుకున్నారు. పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఉండేది మందు పేరు. ఆ చిన్న అక్షరాలు పిల్లల చేత చదివించుకోండి.

కొన్ని మందులు కలిస్తే జరిగేది కూడా తెలుసుకోవాలి. రామిప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బి.పి. మందులు షుగరు ఉన్నవారి కిడ్నీలకు మేలు చేస్తాయి. కాని వాటితో పాటు నీరు పోయే మాత్ర, ఆ పైన డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే అదే కిడ్నీకి ఒక్కసారిగా దెబ్బ తగులుతుంది. వాంతులు, విరేచనాలు అయ్యి ఒంట్లో నీరు తగ్గిన రోజున మరీ ప్రమాదం. గుండెకు వ్రాసే కొన్ని మందులు షుగరు పడిపోయినప్పుడు వచ్చే దడను, వణుకును తెలియనివ్వవు. చెమట మాత్రం పడుతుంది, దానిని గుర్తుపట్టాలి. స్టెరాయిడ్ సూదులు, మాత్రలు, ఏముందో చెప్పని నొప్పుల పొడులు షుగరును ఎగదోస్తాయి. మెట్‌ఫార్మిన్ మంచి మందు, చవకైన మందు. ఏళ్ళ తరబడి వాడితే కొందరికి బి12 విటమిన్ తగ్గి కాళ్ళ తిమ్మిర్లు వస్తాయి. వాటిని షుగరు తిమ్మిర్లే అనుకొని ఊరుకోకుండా డాక్టరును అడగండి. అంతేగాని నేను వ్రాసింది చదివి ఏ మందూ మీ అంతట మీరు మానవద్దు!

పాదాల విషయంలో మన మిషన్ ఆసుపత్రులకు ఒక పాత చరిత్ర ఉంది. 1915లో నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో వెస్లియన్ మిషన్ డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ పాదిరిగారు కుష్ఠు రోగుల కోసం ఆసుపత్రి ప్రారంభించారు. కుష్ఠులో వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని లోకమంతా నమ్మిన రోజులవి. తరువాత వెల్లూరు సి.ఎం.సి.లో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్, మాంసం దానంతట అది కుళ్ళడం లేదని, నొప్పి తెలియకపోవడం వలన దెబ్బ మీద దెబ్బ తగిలి పుండ్లు పడుతున్నాయని నిరూపించాడు. ఆ రోగుల కోసమే ఎం.సి.ఆర్. అనే మెత్తని రబ్బరు చెప్పులు వచ్చాయి. బ్రాండ్ 1966లో అమెరికా వెళ్ళి, అదే జ్ఞానాన్ని షుగరు పాదాలకు కూడా ఉపయోగించాడు. ఈనాడు షుగరు వారికి వ్రాసే ఎం.సి.ఆర్. చెప్పులు ఒకప్పుడు ఎవరూ ముట్టుకోని మనుషుల పాదాల కోసం తయారైనవి. ఆ సంగతి తలచుకుంటే నాకు మనసు కదులుతుంది. "అవి కుష్ఠువాళ్ళ చెప్పులు, నేను వెయ్యను" అన్న ఒకావిడకు ఇదే కథ చెప్పాను. వేసుకున్నది.

ప్రార్థన కూడికలకు చెప్పులు బయట విడిచి వెళ్ళే అలవాటు మనకు ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం కూడిక ముగిసి, ఆ ఎండ బండల మీద చెప్పుల కోసం వెతుక్కుంటూ నడిచేసరికి, స్పర్శ లేని అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. కాలినట్టే తెలియదు. ఇంటికి వెళ్ళి మనుమరాలు చూసి చెబితే తెలుస్తుంది. షుగరు ఉన్నవారు కూడికకు మేజోళ్ళతోనైనా కూర్చోండి, చెప్పులు గుమ్మం పక్కనే పెట్టుకోండి. ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవద్దు.

కళ్ళ గురించి క్లుప్తంగా: చూపు బాగున్నప్పుడే ఏడాదికొకసారి కంటి పాపలో చుక్కలు వేయించుకొని రెటీనా పరీక్ష చేయించాలి. మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉన్నది, అక్కడికైనా వెళ్ళండి. కళ్ళద్దాల షాపులో అక్షరాలు చదివితే అది రెటీనా పరీక్ష కాదు.

గుండె నొప్పి షుగరు వారికి నొప్పిగా రాకపోవచ్చు. నరాలు మొద్దుబారినప్పుడు, కారణం లేని చెమట, ఆయాసం, ఒక్కసారిగా నీరసం, ఇదే గుండెపోటు కావచ్చు. "గ్యాస్" అని సోడా తాగించి పడుకోబెట్టవద్దు.

రెండు వారాలకు మించిన దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించాలి. షుగరు ఉన్నవారికి టి.బి. వచ్చే అవకాశం మామూలు వారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. టి.బి. వచ్చిన వారికి షుగరు పరీక్ష, షుగరు వారికి టి.బి. ప్రశ్నలు, ఇలా రెండు వైపులా చూడాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. పెళ్ళి కావలసిన పిల్లలు ఇంట్లో ఉన్నారని దగ్గును దాచేవారున్నారు. దాస్తే ఆ పిల్లలకే అంటుకుంటుంది.

చిగుళ్ళ నుండి రక్తం, భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోవడం, రాత్రి గురకతో ఊపిరి ఆగి ఆగి రావడం, ఇవి కూడా షుగరుకు బంధువులే. ఇంకొకటి, దిగులు. దీని గురించి సంఘంలో ఎవరూ మాట్లాడరు. షుగరు ఉన్నవారిలో మనసు కుంగిపోవడం ఎక్కువ. కుంగినవారు మందులు మానేస్తారు, నడక మానేస్తారు, ఆరాధనకు రావడం మానేస్తారు. దానిని విశ్వాసం తగ్గడం అని మనం తేల్చేస్తాం. ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు క్రింద చావును కోరుకున్నప్పుడు దేవుడు గద్దించలేదు, నిద్రపోనిచ్చి రొట్టె, నీళ్ళు పంపించాడు. అలాంటివారిని పాదిరిగారి దగ్గరకు తీసుకు వెళ్ళండి, డాక్టరు దగ్గరకు కూడా తీసుకు వెళ్ళండి.

హెచ్‌.బి.ఎ1సి. పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. అయితే రక్తహీనత ఉంటే ఆ అంకె తప్పు చూపించవచ్చు. మన ఆడవాళ్ళలో రక్తం తక్కువ లేనివారు ఎందరు? కాబట్టి ఆ పరీక్షతో పాటు హిమోగ్లోబిన్ కూడా చూడమని అడగండి.

తిండి గురించి వ్రాయనన్నాను గాని, ఉప్పు గురించి ఒక్క మాట. ఇరానీ హోటల్లో చక్కెర లేని చాయ్ అడిగి తాగేవారు పక్కన ఉస్మానియా బిస్కెట్లు నాలుగు తింటారు. వాటిలో తీపీ ఉంది, ఉప్పూ ఉంది, కొవ్వూ ఉంది. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు వెళ్ళండి, పిల్లలతో తిరగండి, అంత నడక ఇంకెక్కడా దొరకదు. మిర్చి బజ్జీ బండి దగ్గర ఒక్కదానితో ఆగండి. మిగతా నెలల్లో నడవడానికి పబ్లిక్ గార్డెన్స్ ఉండనే ఉంది. ఆవకాయ కొత్త జాడీ తెరిచిన నెలలో మా ఓ.పి.లో బి.పి.లు పెరగడం నేను ఏటా చూస్తున్నాను.

లెంటు దినాలలో ఉపవాసముండేవారు ముందుగా వచ్చి డాక్టరుతో మాట్లాడి మందుల వేళలు మార్పించుకోవాలి. గ్లిమిపిరైడ్, ఇన్సులిన్ వంటివి వేసుకొని ఏమీ తినకుండా ఉంటే షుగరు పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త మందులు గుండెకూ కిడ్నీకీ కూడా మేలు చేస్తాయి, 2020 తరువాత ధర కూడా బాగా దిగింది. ఉపవాసంలోనూ, వాంతులు అవుతున్నప్పుడూ వాటిని కొనసాగించాలా ఆపాలా అని అడగకుండా ఉండవద్దు.

సాక్ష్యం చెప్పిన పెద్దాయన ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నారు. పోయిన క్రిస్మస్ ముందు తన తమ్ముడిని చెయ్యి పట్టుకొని మా దగ్గరకు తెచ్చారు. "వీనికి షుగరు చూడకండి సిస్టర్, అది వీడు ఇంట్లనే చూసుకుంటడు. మూత్రం చూడండి" అన్నారు. చూశాం. ఆల్బుమిన్ కొంచెం పోతున్నది, 30 లోపు ఉండవలసింది 80 ఉన్నది. క్రియాటినిన్ ఇంకా నార్మల్. ఈ దశలో పట్టుకుంటే చాలా చేయవచ్చు. బి.పి. మందు మొదలుపెట్టారు, నొప్పి మాత్రలు ఆపించారు.

ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, ఆయుర్వేదమైనా పొడులైనా, ఒకే సంచీలో వేసుకొని రండి. పాత రిపోర్టులు తేదీ వరుసలో పెట్టండి. పొద్దున్న లేవగానే వచ్చే మూత్రం తెస్తే ఆల్బుమిన్ పరీక్షకు మంచిది, సీసా ముందురోజే ల్యాబులో అడిగి తీసుకోండి. బూట్లు, మేజోళ్ళు విప్పించమని మీరే అడగండి, మేము మరచిపోయినా సరే. పరగడుపు రక్త పరీక్ష ఉందని బి.పి. మాత్ర మానేసి రావద్దు, గుక్కెడు నీళ్ళతో వేసుకొని రండి. షుగరు మాత్ర, ఇన్సులిన్ మాత్రం వేసుకోకుండా టిఫిన్ డబ్బాతో పాటు తెచ్చుకోండి. రక్తం ఇచ్చాక వేసుకొని, అక్కడే కూర్చొని తినవచ్చు.